అత్తమ్మ కొసరిచ్చిన డబ్బా

సీరియల్లో అత్త చెయ్యెత్తింది. కోడలు కళ్లు మూసుకుంది. సరిగ్గా అప్పుడే మా టీవీలో టప్పుమని చప్పుడై, బొమ్మంతా మధ్యకు ముడుచుకుపోయి, ఒక చుక్కగా మిగిలి, ఆ చుక్క కూడా ఆరిపోయింది. ఆ దెబ్బ పడిందో లేదో మా ఇంట్లో ఈరోజుకీ తేలలేదు. మా అత్తమ్మ లేచి వెళ్లి టీవీ నెత్తిన రెండు చరుపులు చరిచింది. వెనకాల ఇంత వీపున్న పాతకాలపు టీవీ అది, చరిస్తే పలకడం దానికి అలవాటు. ఈసారి పలకలేదు.

"పాయె" అంది అత్తమ్మ.

"పడ్డదంటవా అత్తమ్మా?" అన్నాను.

"టీవీ సంగతా, దెబ్బ సంగతా?"

ఏ సంగతి అడిగానో నాకే తెలియలేదు. ఆ రోజు మొదలైన అయోమయం నెల దాకా వదల్లేదు.

మాది చిన్న మంగళారం అనే ఊరి పక్కన. ఇంట్లో ముగ్గురమే. మా ఆయన చీకటితో లేచి సిటీకి డ్యూటీకి వెళ్తే రాత్రికి వస్తాడు. టీవీ సంగతి చెబితే, "మీ అత్తాకోడండ్లు ఏది కొంటే గదే" అని దుప్పటి కప్పుకున్నాడు. నేను మొయినాబాద్‌లో బ్లౌజులు కుడతాను. అత్తమ్మ మోకాళ్లు పనిచేసినన్నాళ్లు చేవెళ్లలో పూలమ్మింది. ఇప్పుడు ఇంటి వెనక కాస్త చామంతి, కాస్త బంతి వేసుకుని, మిగతా పొద్దంతా టీవీ ముందు కూర్చుంటుంది.

టీవీ కొనడానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "పెద్దదా చిన్నదా నాకు తెల్వది. ఎవల్నీ అడగకుండ నేనే పెట్టుకునేటట్టుండాలె. గంతే."

దాని వెనక పాత ముచ్చట ఉంది. ఆమె పెళ్లై వచ్చిన కొత్తలో ఊళ్లో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేదట. వారానికోసారి సినిమా వచ్చే సాయంత్రం ఆ ఇంటి కిటికీ ఊచలు పట్టుకుని, "జర చూస్త అక్కా" అని అడిగి నిలబడేదట. కొన్నాళ్లు ఊ అన్నారట. ఒక రోజు ఆ ఇల్లాలికి విసుగొచ్చి, "ఎప్పుడు జూసినా అడుగుడేనా!" అంటూ కిటికీ రెక్క వేసేసిందట. అత్తమ్మ వేలు అందులో పడింది. ఆ చూపుడువేలి గోరు ఇప్పటికీ వంకరే. తర్వాత పూల పైసలు కూడబెట్టి సొంత టీవీ కొనుక్కుంది, మళ్లీ ఎవరినీ ఏదీ అడగలేదు. టీవీ నడుస్తున్నంతసేపు వాకిలి తలుపు మాత్రం మూయదు. దోమలొస్తున్నాయి తల్లీ అని నేను నెత్తి కొట్టుకున్నా మూయదు. పక్క ఫామ్‌హౌస్ వాచ్‌మన్ భార్య సాయంత్రం చిక్కుడుకాయలో గోకరకాయలో పట్టుకుని వస్తే, వాటిని తుంచుకుంటూ ఇద్దరూ చూస్తారు.

అత్తమ్మకు చదువు రాదు. డిష్ డబ్బా రిమోట్ మీద ఏ గుండీ ఎక్కడుందో వంకర గోరు వేలికి తెలుసు. సీరియల్ గుండీ మీద కుంకుమ బొట్టు పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి ఉంచుకుంది. పై వరస నుంచి కిందికి తడుముతూ వస్తుంది, నొక్కుతుంది, వస్తుంది. కళ్లద్దాలు కూడా అక్కర్లేదు.

పాత టీవీ ఇస్తే కొత్తదాని మీద తగ్గిస్తారని విని, దాన్ని చెద్దరులో మూట కట్టాను. దానికి తగులుకున్న తీగల్లో ఏది డిష్ డబ్బాదో ఏది టీవీదో విడదీయడం నా వల్ల కాలేదు. డబ్బా, రిమోట్లు అన్నీ ఆ మూటలోనే వేసి ఆటోలో పెట్టించాను.

ముందు మొయినాబాద్‌లో అద్దాల షోరూముకు పోయాం. గోడ నిండా టీవీలు. అన్నిటిలోనూ ఒకటే నీలం చేప ఈదుతోంది.

"గీ చేప అన్నిట్ల ఒక్కటేనా, ఏరేనా?" అడిగింది అత్తమ్మ.

మెడలో టై కట్టుకున్న అబ్బాయి దానికి జవాబు చెప్పకుండా, ఒకదాంట్లో రంగు లోతుగా ఉంటుందని, ఇంకోదాంట్లో నలుపు నిజమైన నలుపని చెప్పుకుపోయాడు. నలుపులో నిజమేంటో అబద్ధమేంటో నాకు అంతుపట్టలేదు. ఊ కొడుతూ తలూపాను. ఒకటి చూపించి "గిది నలభై మూడు ఇంచులు మేడం" అన్నాడు. హమ్మయ్య, ఇంచులంటే నాకు తెలుసు, పొద్దస్తమానం వాటితోనే నా బతుకు. సంచీలోంచి టేపు తీసి అడ్డంగా పట్టాను. ముప్పై ఏడున్నర దగ్గర ఆగిపోయింది. నిలువు చూస్తే ఇంకా ఘోరం.

"ఏంది తమ్మీ, గింత మోసమా?" అని గట్టిగానే అన్నాను.

"టీవీని మూలకు కొలుస్తరు మేడం. గీ మూల నుంచి గా మూలకు."

"మూలకు కొలిచి బ్లౌజు కుట్టిస్త, మీ ఇంట్ల ఎవరన్న తొడుక్కుంటరా?"

షాపంతా మా వైపు తిరిగింది. మూలకు కొలిస్తే నిజంగానే నలభై మూడు వచ్చింది. నా మొహం మాడిపోయింది. అంత అన్యాయం చట్టంలో ఎట్లా చేర్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ధర దగ్గర ఇంకా తిరకాసు. డబ్బా మీద ఒక రేటు, దాని కింద ఇంకో రేటు. ఆ కింది రేటు కూడా ముందు మొత్తం కట్టేస్తే కొంత మళ్లీ కార్డులో పడుతుందట. ఆ కార్డు మా దగ్గర ఉన్న కార్డు కాదట. అత్తమ్మ అంతా విని, "తగ్గిచ్చేదుంటే ఇప్పుడే తగ్గియ్యరాదు బిడ్డా? నా దగ్గర తీస్కొని మల్ల నాకే ఇచ్చుడెందుకు?" అంది. ఆ అబ్బాయి మేనేజరు వైపు చూశాడు, మేనేజరు చేప వైపు చూశాడు. "లే, చేవెళ్లకు పోదాం" అంది అత్తమ్మ.

చేవెళ్లలో ఆమె ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఒకప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు అమ్మిన సేటు ఇప్పుడు టీవీలు, ఫ్రిజ్‌లు పెట్టాడు. ఆయన దుకాణం మెట్టు మీదనే అత్తమ్మ ఏళ్ల తరబడి పూలబుట్ట పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే షట్టరు ఎత్తి, లక్ష్మీదేవి ఫొటోకు మొదటి మూర ఆయనే కొనేవాడు. ఆమెకు బోణీ అదే. మోచేతి నుంచి వేలి కొసకు మూర కొలిచి, పైన ఇంకో నాలుగు వేళ్ల పొడవు కొసరు వేసేది. కొసరు విషయంలో అత్తమ్మకు గట్టి పట్టింపులు ఉన్నాయి. బేరం తెగాక, పైసలు చేతులు మారకముందే అడగాలి. అడిగినవాళ్లకు లేదనకూడదు. ఒకసారి ఇచ్చిన కొసరును చచ్చినా తిరిగి అడగకూడదు.

"అరే, అవ్వ! ఎన్ని దినాలాయె!" అంటూ సేటు కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు.

అక్కడ పనిచేసే అమ్మాయి మొయినాబాద్‌లో చూసిన టీవీ లాంటిదే చూపించింది. రిమోట్ మీద ఒక్క గుండీ నొక్కగానే సినిమా వచ్చింది.

"గింతేనా? ఒక్క గుండీనేనా?" అత్తమ్మ కళ్లు మెరిశాయి. "ఎవల్నీ అడిగే పని లేదు గద?"

"లేదవ్వా. ఇంట్ల నెట్ ఉంటే డిష్ గూడ అక్కెర లేదు. అన్నీ దీంట్లనే వస్తయి."

ఇక బేరం మొదలైంది. నేనైతే రెండో మాటకే సరేననేదాన్ని. అత్తమ్మ మోకాళ్లనొప్పి మరిచిపోయింది. లేస్తుంది, నాలుగడుగులు మెట్టు దాకా పోతుంది, "ఉండవ్వా" అనగానే వెనక్కి వచ్చి కూర్చుంటుంది. పాత టీవీకి ఇచ్చే ధర పెంచించింది. గోడకు బిగించే స్టాండు ఊరికే ఇప్పించింది. చివరికి సేటు రెండు చేతులూ జోడించి, "ఇగ నాతోని గాదు. గిదే ఆఖరు" అన్నాడు.

"ఇంకో ఐదు నూర్లు దిగు సేటూ. నేను నీకు కొసరిస్త."

"కొనేటోళ్లు కొసరిచ్చుడేందవ్వా? నా జిందగీల సూడలే."

"ఇప్పుడు సూడు." అత్తమ్మ మూటలో చెయ్యి పెట్టి డిష్ డబ్బా, రిమోటు తీసి బల్ల మీద పెట్టింది. "గిది గూడ ఉంచుకో. మాకు అక్కెర లేదట గద."

దుకాణంలో అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వి ఐదువందలు దిగాడు. మొయినాబాద్ రేటు కంటే ఎంత తక్కువకు వచ్చిందో ఆటో డ్రైవరుకు అత్తమ్మ దారి పొడుగునా చెప్పింది. నేనూ పొంగిపోయాను. మిర్చి బజ్జీలు తింటూ ఇంటికి చేరాం.

మర్నాడు టీవీ గోడకెక్కింది. ఆన్ చేయగానే సినిమా వస్తుందనుకున్నాం. సినిమా రాలేదు, ప్రశ్నలు వచ్చాయి. ఏ భాష అంది. ఏ దేశం అంది. ఒప్పుకుంటావా అంది. దేనికి ఒప్పుకోవాలో చదివేలోపు ఇంకా కిందికి ఉంది. నెట్ ఎక్కడ అంది, మెయిల్ చెప్పమంది, పాస్‌వర్డ్ చెప్పమంది.

"పోలీసోళ్లు గూడ గిన్ని అడగరు గదనే!" అంది అత్తమ్మ.

ఇంట్లో నెట్ అంటూ వేరే ఏముంది, నా ఫోన్లో ఉన్నదే. అదేదో హాట్‌స్పాట్ అట, పక్క వీధి పిల్లాడితో పెట్టించి టీవీకి కలిపాను. సినిమా వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం. ఫోను నాతోపాటే షాపుకు వస్తుందన్న సంగతి నా మట్టిబుర్రకు అప్పుడు తట్టలేదు.

ఆ మర్నాడు పెళ్లివాళ్ల బ్లౌజులు ఒప్పజెప్పేసరికి పొద్దుపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ భార్య ఎదురొచ్చింది, చేటలో చిక్కుడుకాయలు తుంచకుండా అట్లాగే ఉన్నాయి. "అవ్వ ఇయాల టీవీ పెట్టలే అక్కా. ఎందుకని అడుగుదామంటే నాకు పానం ఒప్పలే" అని వెళ్లిపోయింది.

వాకిలి తలుపు తెరిచే ఉంది. లోపల లైటు లేదు. అత్తమ్మ నల్లటి టీవీ ఎదురుగా కూర్చుని ఉంది.

"ఏమాయె అత్తమ్మా?"

"ఏం గాలే. సూడబుద్ధి గాలే."

లైటు వేస్తే తెర నిండా వేలిముద్రలు కనిపించాయి. కొత్త రిమోట్ మీద అంకెల గుండీలు లేవు. ఛానళ్ల గుండీలు తెర మీదనే ఎక్కడో ఉంటాయనుకుని పై వరస నుంచి కింది వరస దాకా తడుముకున్నట్టుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపం కూడా వచ్చింది.

"ఫోన్ చేస్తే ఏమైతుండె? లేకుంటే పక్క వీధి పిల్లగాన్ని అడిగితే పెట్టియ్యకపోవునా?"

"అడుగుడా?" అంది. ఆమె నా మీద గొంతు పెంచడం అరుదు. "గీ వయసుల మల్ల నన్ను కిటికీ పట్టుకొమ్మంటవానే?"

అంత మంచి బేరం చేసి, నిజమైన నలుపున్న టీవీ తెచ్చి, చివరికి ఆమెను తీసుకెళ్లి ఆ కిటికీ దగ్గరే నిలబెట్టామా?

తర్వాతి రోజుల్లో నేను ఇచ్చిన సలహాలన్నీ ఎదురుతన్నాయి. ఇంటికి నెట్ పెట్టిస్తానన్నాను. "నెట్ ఒస్తె మాత్రం? దాని మీద నా గుండీలు లేవు" అంది. కొత్త డిష్ డబ్బా కొందామన్నాను. "దాని రిమోటు నా ఏలికి ఎర్కనా?" అంది. చివరికి, సేటు దగ్గరికి పోయి మన డబ్బా మనం తెచ్చుకుందాం, నేనే అడుగుతా, నువ్వు రావద్దులే అన్నాను.

"కొసరిచ్చి మల్ల అడిగిన ఇల్లు అని పేరు దెస్తవా? నువ్వడిగితేంది, నేనడిగితేంది!"

ఇచ్చింది తానే. అది లేక కుమిలిపోతోందీ తానే. తెస్తానంటే వద్దంటున్నదీ తానే. ఏం చేయాలో తోచక, కుట్టాల్సిన బ్లౌజుకు చేతులు తిరగేసి కుట్టి మళ్లీ విప్పాను. ఇంట్లో సాయంత్రాలు చప్పుడు లేకుండా గడిచాయి. చేట పట్టుకుని వచ్చే మనిషి కూడా రావడం మానేసింది.

ఒకరోజు తెల్లవారి లేచేసరికి అత్తమ్మ పెరట్లో చామంతులు కోసి, ఆకుపచ్చ మరువం కలిపి దండ కడుతోంది. "తయారు కా, చేవెళ్లకు పోవాలె" అంది.

"ఎందుకు?"

"పూలమ్మనీకి."

ఈమెకు మతి గాని పోయిందా అనుకున్నాను. పూలమ్మడం మానేసి ఎన్నేళ్లో అయింది, మెట్టు ఎక్కాలంటే నా భుజం పట్టుకోవాలి. అయినా వెంట బస్సెక్కాను. ఇంకా షట్టరు తెరవని సేటు దుకాణం మెట్టు మీద తన పాత చోటులోనే కూర్చుని బుట్ట ముందర పెట్టుకుంది. నేను పక్కన ఎందుకు నిలబడ్డానో తెలియక నిలబడ్డాను.

సేటు వచ్చి బిత్తరపోయాడు. "ఏందవ్వా, మల్ల షురూ జేసినవా?"

"బోణీ చెయ్యి సేటూ."

"చేస్త. మూరెంత?"

"పైసలొద్దు. నీ లోపట పాత డిష్ డబ్బా ఒకటున్నది. గది గావాలె. దండిస్త, డబ్బా ఇయ్యి."

సేటు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన మెత్తగా అన్నాడు, "అవ్వా, గది నీదే గద. ఊరికే తీస్కపో."

"ఊరికే ఎవలు ఇయ్యమన్నరు?" అత్తమ్మ కస్సుమంది. "బోణీ ఊరికే చేస్తరా ఎవలన్న? కొంటె కొను, లేకుంటె ఇంకో దుకాణం సూస్కుంట."

ఇంకో దుకాణంలో ఆమె డబ్బా ఎక్కడుంటుంది? అయిపోయింది, చేతికొచ్చింది కాస్తా పోగొట్టుకుంది అనుకున్నాను. కానీ సేటు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. దండ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"పూలు జర పలచగున్నయి. డబ్బా మంచిగ నడిసే డబ్బా. ఒక్క దండకు రాదు."

"పలచగా? నీ కండ్లు పలచగున్నయి! మరువం సూడు, వాసన సూడు."

"రెండు మూరలు ఎక్కువెయ్యి."

"ఒక్క మూర. గంతకన్న ఒక్క పువ్వు గూడ ఎయ్య."

ఎవరికీ అక్కర్లేని పాత డబ్బా మీద ఇద్దరు పెద్దమనుషులు అంతసేపు బేరమాడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఆటకు ఆడుతున్నాడా, నిజంగానే బేరమాడుతున్నాడా అని మొహం వెతికాను, తెలియలేదు. అత్తమ్మ గొంతు మాత్రం పాత గొంతైంది. చివరికి మూరన్నర దగ్గర తెగింది. ఆమె మోచేతి నుంచి కొలిచి, పైన నాలుగు వేళ్లు కొసరు వేసి తుంచింది. సేటు దండ కళ్లకద్దుకుని, తానే వెనక గదిలోకి పోయి డబ్బా, రిమోటు దుమ్ము తుడుచుకుంటూ తెచ్చాడు. డబ్బా ఇంకా ఆయన చేతిలో ఉండగానే అత్తమ్మ రిమోటును కవరు మీదనుంచే తడిమింది. కుంకుమ బొట్టు ఉన్నది.

దుకాణంలో పనిచేసే అమ్మాయి అప్పుడే వచ్చి, పాత డబ్బా మూడు రంగుల తీగ కొత్త టీవీకి నేరుగా తగలదని, మధ్యలో ఒక పొట్టి తీగ కావాలని చెప్పింది. నేను పర్సు తీయబోయాను. అత్తమ్మ నా చెయ్యి నెట్టేసి, సేటు ముందు అరచెయ్యి చాపింది.

"కొసరు."

సేటు పకపకా నవ్వి తీగ ఆ చేతిలో పెట్టాడు.

బస్సులో అడిగాను. డబ్బా ఊరికే ఇస్తానంటే కోపమొచ్చింది, తీగ మాత్రం ఊరికే తీసుకున్నావు, ఏంటి తేడా అని. "గది పాపమని ఇచ్చుడు. గిది నా హక్కు. ఇన్నేండ్లు నాతోని తిరిగి నీకు గీ మాత్రం తెల్వదా?" అంది. కొంత తెలిసినట్టే ఉంది, కొంత తెలియనట్టే ఉంది.

సాయంత్రం తీగలు కలిపాను. అంత గొప్ప టీవీలో పాత డబ్బా బొమ్మ మసక మసకగా వచ్చింది. పక్కలకు సాగి మొహాలన్నీ పూరీల్లా ఉబ్బాయి. చిన్న కోడలు పెద్ద అత్తలా ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది, ఇందుకా ఇంత బేరం అని. అత్తమ్మకు అదేమీ పట్టలేదు. వంకర గోరుతో బొట్టున్న గుండీ నొక్కింది, సీరియల్ వచ్చింది. ఇంకోటి నొక్కింది, భజన వచ్చింది. మళ్లీ సీరియల్ పెట్టింది. చప్పుడు వాకిలి దాటి గేటు దాకా పోయేంత పెంచింది.

కాసేపటికి గడప బయట అలికిడైంది. వాచ్‌మన్ భార్య చేట చంకన పెట్టుకుని, తలుపు రెక్క మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూసి, "అవ్వా, జర నేను..." అని మొదలుపెట్టింది.

అత్తమ్మ తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. పక్కన చాప మాత్రం చేత్తో చరిచింది.

"అడుగకు బిడ్డా. ఒచ్చి కూసో."